గుడాల పొయ్యి

ఆ ఎండాకాలమంతా నేను చేసిన పని ఒక్కటే, పొయ్యి ముందు కూర్చోవడం. పొద్దున లేచింది మొదలు దీపాల వేళ దాకా శనగలు ఉడికేవి, వాటితోపాటు నేనూ ఉడికేదాన్ని. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. అద్దంలో చూసుకుంటే నలభై కనిపించేవి. ఆ అద్దం కూడా అమ్మకానికి పెట్టిందే కాబట్టి ఎక్కువసేపు చూసుకునే వీలు ఉండేది కాదు.

నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా కట్ట లేస్తున్న రోజులవి. రాళ్లు కొట్టే చోటుకూ కూలీల గుడిసెలకూ నడుమ ఒక ఎర్రమట్టి బాట ఉండేది. ఆ బాట పక్కన నాలుగు తడకలు కట్టి, పైన తాటికమ్మలు కప్పి, ముందు ఒక పలక అడ్డంగా పెట్టి మా ఆయన సిద్దిరాములు దుకాణం తెరిచాడు. దేవరకొండ దిక్కు మా ఊళ్లో నూలు దొరక్క మగ్గం ఆగిపోయాక వచ్చిన వాళ్లం. ఆయన, నేను, మా మామ ధర్మయ్య, అంతే మా సంసారం. దుకాణం వెనక తడక అవతల ఒక చిన్న అర్ర. ముగ్గురం అందులోనే సర్దుకునేవాళ్లం.

ఉప్పు, జొన్నలు, చింతపండు, బెల్లం, బీడీలు, అగ్గిపెట్టెలు, బట్టల సబ్బు, దీపాలకు గాసునూనె పెట్టాం. ఆ బాట మీద అలాంటి దుకాణాలు ఇంకో పదకొండు ఉన్నాయి. అన్నింట్లో అదే ఉప్పు, అవే బీడీలు. పొద్దున్నుంచి ఈగలు తోలుకుంటూ కూర్చుంటే సాయంత్రానికి నలుగురు వచ్చేవాళ్లు. వాళ్లలో ఇద్దరు పక్క దుకాణానికి దారి అడగడానికి వచ్చేవాళ్లు. ఇంకో నెల ఇలాగే ఉంటే మేం కూడా తల మీద రాయి పెట్టుకోక తప్పదని ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరం అనుకోలేదు.

శివరాత్రి పోయిన వారానికి గుర్వమ్మ వచ్చింది. ఆమె పాలమూరు దిక్కు మనిషి. వాళ్ల ఊళ్లో సగం మంది మేస్త్రి వెంట కట్ట పనికి వచ్చారు. కర్రల బాట మీద రాళ్లు మోసుకెక్కే ఆడవాళ్ల వరుసలో గుర్వమ్మ ముందు నడిచేది. పని దిగి వస్తూ మా పలక మీద మోచేతులు ఆనించి నిలబడింది.

"చెల్లే, తిననీకి వేడిగ ఏమన్న ఉన్నదా?"

"బెల్లమున్నది. పుట్నాలున్నయి," అన్నాను.

"పుట్నాలతోటి ఏమైతది? పొద్దుగాల్ల ఇంత గటక తాగి ఎక్కినం. ఇప్పుడు గుడిసెకు పోయి పొయ్యి ముట్టియ్యాలె, వండాలె. అప్పటిదాంక పానం ఆగుతదా? ఇంత వేడిది కడుపుల పడితె, ఎనుక పోయి వండుకుంటం."

"రేపు శనగలు ఉడకేస్త. తింటవా?"

"ఉడకెయ్యి. నేనొక్కదాన్నే గాదు, మా ముఠా మొత్తం తింటది."

మరునాడు రెండు శేర్ల శనగలు గుడాలు వేశాను. మా దిక్కు ఉడికించిన గింజలను గుడాలంటాం. పైన ఉల్లిగడ్డ, పచ్చిమిరప తరిగి, ఉప్పు చల్లి, మోదుగాకు దొప్పలో పెట్టి అణాకు ఒకటి ఇచ్చాను. కొత్త పైసలు వచ్చి చాలా కాలమైనా మా నోట అణా పోలేదు. పని దిగే ఈల ఊదిన గడియలోపల డేకిసా అడుగు కనిపించింది. తిన్నవాళ్లు ఊరికే పోలేదు. ఒకడు బీడీ కట్ట, ఒకామె సబ్బు, ఇంకొకామె పావుశేరు ఉప్పు తీసుకున్నారు. గుర్వమ్మ దొప్ప నాకి పడేసి, "గీ శనగలు తిన్న దినం రాయి బరువనిపియ్యదు చెల్లే," అని వెళ్లింది.

చాలా రోజుల తర్వాత సిద్దిరాములు నన్ను చూసి నవ్వాడు. ఆ రాత్రి అన్నం కోసం మామను పిలిస్తే ఆయన రాలేదు.

వెనకకు వెళ్లి చూశాను. మామ మూడు రాళ్లు పేర్చి, ఊరి నుంచి తెచ్చుకున్న జొన్నపిండితో గటక కలుపుతున్నాడు. మగ్గం గుంటలో నలభై ఏళ్లు కూర్చున్న మనిషి. వంగి పొగ ఊదడం చేతకాక కళ్ల నీళ్లు కారుతున్నాయి.

"ఇదేంది మామా? నేను వండిన గద."

"నువ్వు తిను బిడ్డా. నాకా పొయ్యి మీదిది వద్దు."

"ఏమైందని?"

మామ కట్టెపుల్ల సర్ది, నా దిక్కు చూడకుండానే అడిగాడు. "మనింట్ల పడుగు పట్టిన పొద్దుగాల్ల ఎవ్వలెవ్వలు వస్తుండిరి?"

"వాడకట్టోళ్లు అందరు వస్తుండిరి."

"వాళ్లకు ఏం పెడుతుంటిమి?"

నాకు అప్పుడు అర్థమైంది. పడుగంటే నేతకు పొడుగునా వేసే నూలు. ఎండ ఎక్కకముందే దాన్ని వాడ పొడుగునా గుంజి కట్టి, వేడి గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. ఒక ఇంటి చేతులతో అయ్యే పని కాదు. ఇటు పదిళ్ల వాళ్లు, అటు పదిళ్ల వాళ్లు వచ్చి పట్టేవాళ్లు. కూలి లేదు, అడిగేవాళ్లూ లేరు. పని అయ్యాక ఆ ఇంటి ఆడవాళ్లు గుడాలు ఉడకేసి ప్రతి ఒక్కరి చేతిలో పెట్టేవాళ్లు. పెట్టకపోతే పట్టిన పడుగు కలిసిరాదని మా వాడలో నమ్మకం. గుడాలంటే ఒళ్లు వంచి వచ్చిన వాళ్లకు చేతిలో పెట్టేవి. మామకు తెలిసిన గుడాలు అవే.

"పైస తీసుకుంటిమా ఎన్నడన్న?" అన్నాడు మామ.

"అది వేరే మామా. ఇది దుకాణం."

"ఉప్పు అమ్ము, సబ్బు అమ్ము, నేను వద్దంటనా? చెమటలు కార్చుకుంట వచ్చినోనికి గుడాలు పెట్టి చెయ్యి చాపుతరా? ఆ పొయ్యి మీద అన్నం నా గొంతు దిగదు."

సిద్దిరాముల్ని పంపాను. ఆయన వెళ్లి మాట్లాడి వచ్చాడు. "గుడాలు బందు పెడితె మనం రాళ్లు మొయ్యాలె. నాయినకు ఆ ముచ్చట చెప్పినా ఎక్కుతలేదు," అన్నాడు. అంతటితో తండ్రీకొడుకుల మాటలు ఆ ఎండాకాలానికి దాదాపు అయిపోయాయి.

నేను ఊరుకోలేదు. ఆయన కోసం దుకాణానికి దూరంగా ఇంకో పొయ్యి వేశాను. కొత్త కుండలో పప్పు వండి ముందు పెట్టాను. మామ ఆ పొయ్యిని మెచ్చుకున్నాడు, మట్టి బాగా మెత్తావన్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా, "ఈ పప్పు దేనితోటి కొన్నరు బిడ్డా?" అని అడిగాడు. నేను అబద్ధం ఆడలేకపోయాను. పప్పు నేనే తిన్నాను. రెండు పొయ్యిల పని మాత్రం నాకు మిగిలిపోయింది.

మామ తినేది ఊరి నుంచి తెచ్చుకున్న జొన్నలే. కడసారి నేసిన బట్టకు వచ్చిన గింజలవి, ఒక చిన్న మూట. పొద్దున ఇంత గటక, రాత్రికి ఇంత. మజ్జిగ లేదు, పప్పు లేదు. మనిషి దిగిపోయాడు. కూర్చుంటే ఛాతీ ఎముకలు లెక్కపెట్టేలా కనిపించేవి. దారిన పోయే పరాయివాళ్లందరినీ బలంగా ఉండమని శనగలు తినిపిస్తున్న నేను, నా ఇంట్లో ముసలాయనకు నాలుగు గింజలు పెట్టలేకపోయాను. నాకు అత్త లేదు, తల్లి లేదు. పెళ్లయి వచ్చిన కొత్తలో నూలు కండె చుట్టడం రాక నేను ఏడిస్తే, పక్కన కూర్చుని వారం రోజులు నేర్పింది ఈయనే. ఆ మూట అయిపోయిన రోజు ఏమవుతుందో అని నాకు నిద్ర పట్టేది కాదు.

చివరికి నాకు తోచిన ఉపాయం చేశాను. మామ నది దిక్కు వెళ్లినప్పుడు దుకాణంలో జొన్నలు ఒక సోలెడు తీసి ఆయన మూటలో కలిపేదాన్ని. రోజూ ఇంత. ఉగాది వచ్చింది, పోయింది. మూట దిగలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక మధ్యాహ్నం చూస్తే, మామ తడక నీడలో చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చాటలో జొన్నలు. ఒక్కొక్క గింజా ఏరి రెండు దిక్కుల వేస్తున్నాడు. ఆయనవి పచ్చజొన్నలు, దుకాణంలోవి తెల్లవి. నూలు రంగులో వెంట్రుకంత తేడా ఉంటే చీకట్లో కూడా పట్టే మనిషి దగ్గర నేను చేసిన మోసం అది.

"మామా, కోపం రాలేదా?"

"కోపమెందుకు వస్తది? ఇన్ని దినాలకు చేతులకు పని దొరికింది."

పొద్దుగూకే దాకా ఏరాడు. తెల్లవన్నీ ఒక గుడ్డలో మూట కట్టి నా చేతిలో పెట్టాడు. ఆయన వాటా చూస్తే నాలుగైదు శేర్లు కూడా లేవు. నేను ఆ మూట పట్టుకుని వెనక్కి తిరిగి ఏడ్చాను. మళ్లీ వచ్చి డేకిసా కలిపాను. ఏడవడానికి కూడా గిరాకీ లేని వేళ చూసుకోవాల్సి వచ్చేది.

ఎండలు ముదిరాయి. రాయి కాలి రాత్రి సగం దాకా వేడి కక్కేది. పని దిగి వచ్చేవాళ్లు పెరిగారు. శనగలతోపాటు బొబ్బర్లు, ఉలవలు మొదలుపెట్టాం. ఎవరో గుడ్లు ఉడకబెట్టి అమ్మమన్నారు. సిద్దిరాములుకు ఆశ పుట్టింది కానీ, నేనే మూడో పొయ్యి నావల్ల కాదన్నాను. సాయంత్రం పలక ముందు వరుస కట్టేవాళ్లు. మామ ఆ వేళకు తడక వెనక కూర్చుని, సందులోంచి వాళ్లను చూసేవాడు. ఒకసారి, "ఆ గుర్వమ్మ కాలుకు దెబ్బ తాకినట్టున్నది, కుంటుతాంది," అన్నాడు. వరుసలో అందరి పేర్లు ఆయనకు తెలుసునని నాకు అప్పుడు తెలిసింది.

బీడీలు, సబ్బులు, చాయపత్తి అయిపోవచ్చాయి. పప్పుగింజలకు లోటు లేదు. పదిహేను రోజులకు సరిపడా శనగలు, బొబ్బర్లు బస్తాల్లో ఉన్నాయి. సిద్దిరాములు చేతిలో ఉన్నదంతా పట్టుకుని మిర్యాలగూడకు సరుకు కోసం లారీ ఎక్కాడు. రెండో రోజుకు వస్తానన్నాడు, నాలుగో రోజుకు వచ్చాడు. ఆయన వెళ్లిన పొద్దునే నాకు చలిజ్వరం పట్టుకుంది.

బొంత కప్పుకుని, పైన గోనెపట్టాలు వేసుకుని, మండుటెండల్లో వణుకుతూ పడుకున్నాను. మామ తలాపున నీళ్లు పెట్టాడు.

"మామా, దుకాణం మూసెయ్యి."

"నేను కూసుంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

"గుడాలు..."

"నేను చూసుకుంట అంటున్న గద. పండుకో."

పడుకున్నాను. మెలకువ వచ్చినప్పుడల్లా శనగలు ఉడికే వాసన వచ్చేది. మామ ఉడకేస్తున్నాడా అని ఆశ్చర్యం, అంతలోనే మళ్లీ మత్తు. పలక దగ్గర మాటలు వినిపించేవి, నవ్వులు వినిపించేవి. పైసల డబ్బా చప్పుడు మాత్రం వినిపించలేదు. జ్వరానికి చెవులు దిబ్బడేశాయనుకున్నాను.

రెండో రోజు సాయంత్రం చెమట పట్టి జ్వరం దిగింది. గుంజ పట్టుకుని లేచి తడక దాకా వెళ్లాను.

పొయ్యి మీద నా డేకిసా లేదు. ఊరి నుంచి తెచ్చి మూల పడేసిన గంజి కాగు ఉంది, పడుగుకు గంజి కాచే పెద్ద రాగి కాగు. దాని నిండా గుడాలు, పైకి ఆవిరి. బాట మీద ఎప్పుడూ వచ్చేవాళ్లకు మూడింతల మంది. మామ తువ్వాల నడుముకు చుట్టుకుని, గంటెతో తీసి ఒక్కొక్కరి దొప్పలో పోస్తున్నాడు. ఎవరూ పైస ఇవ్వడం లేదు. ఆయన ఎవరినీ అడగడం లేదు.

"గుర్వమ్మా, కాలు ఎట్లున్నది? ఇంకింత పెట్టనా?"

"సాలు తాతా, నువ్వు తినకుండ మాకే పెడుతున్నవు."

"తింట. తింటున్న గద."

మామ ఒక దొప్ప నింపుకుని వాళ్ల నడుమ బండ మీద కూర్చున్నాడు. తినడం మొదలుపెట్టాడు. ఉల్లిగడ్డ కొరికి, గుప్పెడు శనగలు నోట్లో వేసుకుని, ఎవరో అన్న మాటకు పకపకా నవ్వాడు. పైసకు అమ్మింది కాదు కాబట్టి ఆ పొయ్యి మీదిది ఇప్పుడు ఆయన గొంతు దిగుతోంది. నందికొండకు వచ్చాక ఆయన నవ్వు నేను వినడం అదే మొదలు.

నేను అప్పుడు అరవాలి. ముందుకు వెళ్లి గంటె లాక్కోవాలి. కాగులో ఉడుకుతున్నవి మా పదిహేను రోజుల తిండి, మా దుకాణం, మా నెత్తిన రాయి పడకుండా ఆపుతున్న గింజలు. అవన్నీ నాకు ఆ క్షణంలో తెలుసు. మామ తల ఎత్తి నన్ను చూశాడు. దొప్ప చేతిలో పట్టుకుని, నేను ఏమంటానో అని ఆగాడు.

నేను వెనక్కి వెళ్లి పడుకున్నాను.

మరునాడు కూడా లేవలేదు. లేవగలను, అయినా లేవలేదు. ఆ రోజు కాగు రెండుసార్లు నిండింది.

నాలుగో రోజు పొద్దెక్కాక సిద్దిరాములు లారీ దిగాడు. సబ్బుల పెట్టె, బీడీల గంప లోపల పెట్టి, మూల చూశాడు. రెండు బస్తాలూ మడత పెట్టి ఉన్నాయి. మామ వాటిని దులిపి మరీ మడత పెట్టాడు.

"శనగలేయి?"

"పెట్టిన," అన్నాడు మామ.

"ఎవ్వలకు?"

"వచ్చినోళ్లకు."

"పైసలు?"

మామ చేతులు రెండూ విప్పి చూపాడు. సిద్దిరాములు ఖాళీ బస్తాల మీద కూలబడ్డాడు. అరుస్తాడని చూశాను. అరవడానికి కూడా ఆయనలో ఓపిక లేదు.

"నాయినా, వాళ్లు మన పడుగు పట్టనీకి వచ్చినోళ్లు గాదు."

"పని చేసి వచ్చినోళ్లే గద రా. కట్ట కడుతుండ్రు."

"కట్ట మనది గాదు నాయినా."

మామ గంజి కాగును మూలకు జరిపాడు. సిద్దిరాములు నా దిక్కు తిరిగాడు.

"నువ్వన్న చూడలేదా?"

"జొరంతోటి కండ్లు తెరవలే," అన్నాను.

మామ నా దిక్కు ఒకసారి చూశాడు. నా మాట కాదనలేదు. చెయ్యి తుడుచుకుని బయటికి వెళ్లాడు.

ఆ సాయంత్రం వచ్చినవాళ్లకు గుడాలు లేవని చెప్పాను. ఒకతను, "తాత ఉంటె పెడుతుండె," అని గొణుక్కుంటూ పోయాడు. సిద్దిరాములు కొత్తగా తెచ్చిన సబ్బుల పెట్టె అలాగే తీసుకెళ్లి పక్క దుకాణంలో ఇచ్చి అర బస్తా శనగలు మార్చుకొచ్చాడు. మామ ఆ పూట తన మూడు రాళ్ల దగ్గర కూడా ఏమీ వండుకోలేదు.

తెల్లారి లేస్తే ఆయన పక్క ఖాళీ. దుప్పటి మడత పెట్టి ఉంది. మిగిలిన జొన్నల మూట నేను వంట చేసే చోట, నా చేతికి అందేలా పెట్టి ఉంది. ఊరికి పోయాడనుకున్నాం. ఊళ్లో ఏముందని? మగ్గం విప్పేసిన గుంట ఉంది. సిద్దిరాములు బస్సులు ఆగే చోటుకు పరుగెత్తాడు. అలాంటి ముసలాయన ఎక్కలేదన్నారు. దేవరకొండ పోయే లారీవాళ్లతో కబురు చేశాం. మూడో రోజుకు తిరుగు కబురు వచ్చింది. ఊరికి రాలేదు.

నది దిక్కు చూడాలంటే భయమేసింది. ఆ మాట ఇద్దరం అనుకోలేదు కానీ, సిద్దిరాములు పొద్దునా సాయంత్రం ఆ ఒడ్డు పొడుగునా నడిచి వచ్చేవాడు. నేను పొయ్యి ముందు కూర్చుని శనగలు కలుపుతూ, ఆ సాయంత్రం నేను పోయి గంటె లాక్కుని ఉంటే మనిషి ఇంట్లో ఉండేవాడు కదా అనుకునేదాన్ని. లేదా ఆ రోజు నోరు తెరిచి, నేనూ చూశాను, నేనే ఆపలేదు అని చెప్పి ఉంటే. చెప్పకపోవడానికి నాకు కారణం కూడా దొరకలేదు. అలిసిపోయాను, అంతే. అలసట మనిషి చేత ఎంత నీచమైన అబద్ధమైనా ఆడిస్తుంది.

గుర్వమ్మ ఆ వారం మా పలక దగ్గరికి రాలేదు. ఉచితంగా తిన్నందుకు సిగ్గుపడుతోందనుకున్నాను.

శనివారం కూలీలకు బట్వాడా అయింది. ఆ రోజు వరుస పొడుగ్గా ఉంటుంది, అందరి చేతిలో పైసలు ఆడతాయి. నేను తల ఎత్తకుండా దొప్పలు నింపుతున్నాను. సిద్దిరాములు పక్కన ఎవరికో గాసునూనె పోస్తున్నాడు. గుర్వమ్మ గొంతు వినిపించింది. ఆమె తన దొప్ప తీసుకుని కొంచెం పక్కకు తప్పుకుంది.

తర్వాత పలక మీదికి ఒక చెయ్యి వచ్చింది. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి, రెండు గోళ్లు నల్లబడ్డాయి, మోచేతి దాకా కంకర దుమ్ము. ఆ చెయ్యి ఒక అణా బిళ్లను పలక మీద పెట్టి నా దిక్కు జరిపింది.

"ఒక దొప్పెడు ఇయ్యి బిడ్డా."

తల ఎత్తాను. దుమ్ముకు కనుబొమలు కూడా తెల్లబడి ఉన్నాయి. మామ ముసలివాళ్లతో, పిల్లతల్లులతో కూర్చుని సుత్తితో కంకర కొట్టే పనిలో చేరాడట. గుర్వమ్మ వాళ్ల గుడిసెల దగ్గరే పడుకుంటున్నాడట. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడట. అవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు నాకు కనిపించింది ఆ చెయ్యి, ఆ బిళ్ల.

"మామా," అన్నాను. "లోపలికి రా మామా. నీ దగ్గర పైసలు ఎట్ల తీసుకుంట?"

"అందరి దగ్గర తీసుకుంటున్నవు గద. తీస్కో."

"నాతోని గాదు."

"మూడు దినాలు వాళ్ల నడుమ కూసోని తిన్న. అప్పుడు మన పని చేసినోళ్లే అని పెట్టిన. కట్ట మనది గాదని సిద్దిరాములు చెప్పిండు. నిజమే చెప్పిండు." ఆయన గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. బాగా అలిసిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడాడు. "ఇది నా కష్టం. తీస్కొని పెట్టు బిడ్డా, ఆకలైతాంది."

నేను సిద్దిరాములు దిక్కు చూశాను. సీసా నిండి గాసునూనె పొంగి ఆయన కాళ్ల మీద పడుతోంది. ఆయన తల ఎత్తలేదు.

తీసుకున్నాను. అణా డబ్బాలో వేసి, దొప్ప నిండా శనగలు పోసి, ఉల్లిగడ్డ ఎక్కువ వేసి ఇచ్చాను. చెయ్యి తగిలింది. చిన్నప్పటి నుంచి దారం తప్ప ఏదీ పట్టని చెయ్యి, గరుకుగా ఉంది.

ఆయన అక్కడే నిలబడి తిన్నాడు. రెండు నెలలుగా నేను కోరింది అదే, నా పొయ్యి మీదిది నా చేతి నుంచి ఆయన తినాలని. తింటున్నాడు. గింజ పోకుండా, నెమ్మదిగా, కష్టపడినవాళ్లు తిన్నట్టు తింటున్నాడు. నాకు సంతోషం కలగలేదు. ఇంట్లో మనిషిని పోగొట్టుకుని గిరాకీ ఒకటి సంపాదించుకున్నట్టు అనిపించింది.

"మామా," అన్నాను, పక్కవాళ్లకు వినపడకుండా. "ఆ పొద్దు నేను చూసిన. చూసి గూడ చూడలేదని చెప్పిన."

"నాకెర్కనే." మామ ఇంకో గుప్పెడు నోట్లో వేసుకుని నమిలాడు. "ఉప్పు జర తక్కువైంది."

ఉప్పు చిటికెడు తీసి ఆయన దొప్పలో చల్లాను. వెనక నిలబడ్డ పిల్లతల్లి, చంటిదాన్ని ఇంకో చంకకు మార్చుకుని, "జర జరుగు తాతా, మాకు గూడ పొద్దు పోతాంది," అంది.

మామ జరిగాడు. నేను ఆమెకు దొప్ప అందుకున్నాను.